ఫర్మానా పోయింది, రూలు వచ్చింది

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగబద్ధ పాలన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వకీలును కాను, ప్రొఫెసరును కాను. ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసినవాణ్ణి. గుమాస్తా రాసేదేమిటి? ఫలానా అర్జీ వచ్చినది, దీనికి రూలు పొజిషన్ ఇది, పై అధికారుల ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది. అంతే కదా! ఆ రూలు పొజిషన్ అన్న పేరా చాలామంది అధికారులకు గిట్టదు. అది లేకపోతే ఎంత హాయి అనుకుంటారు. నాకు మాత్రం రాజ్యాంగమంటే దేశం మొత్తానికీ రాసిపెట్టిన రూలు పొజిషన్‌లాగే కనిపిస్తుంది.

మనం కూర్చున్న ఈ ఎర్రమంజిల్‌నే తీసుకోండి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో ఇక్కడ గుట్ట మీద మహలు కట్టించి, స్వర్గమనే అర్థంలో ‘ఇరం మంజిల్’ అని పేరు పెట్టుకున్నారు. ఎర్రమట్టి గుట్ట కాబట్టి జనం నోట్లో అది ఎర్రమంజిల్ అయింది. ఆ రోజుల్లో చట్టమంటే నిజాం ఫర్మానా. 1948 సెప్టెంబరు 17న నిజాం సేనలు లొంగిపోయాయి. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగమే హైదరాబాదుకూ రాజ్యాంగమని నిజాం ఫర్మానా ఇచ్చారు. ఇకమీదట ఫర్మానాలు చెల్లవని చెప్పిన ఫర్మానా అది అని నేను సరదాగా అంటుంటాను. సార్వభౌమాధికారం ప్రభువు చేతిలోంచి ప్రజలకు వచ్చింది. ప్రజలకే గాని, ప్రజలు ఎన్నుకున్నవారికి పూర్తిగా ధారాదత్తం కాలేదు. ఈ తేడా చాలామంది గమనించరు.

2019 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఈ మహలు ఉన్న స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని తీర్మానించింది. అదే నెల 27న శంకుస్థాపన కూడా జరిగిపోయింది. నవాబు వారసులు, మరికొందరు పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. చౌహాన్, న్యాయమూర్తి షమీమ్ అఖ్తర్ గార్ల ధర్మాసనం ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. కొత్త సభ కావాలా వద్దా అన్నది ప్రభుత్వం ఆలోచించుకోవలసిన విషయమే. ఆ మాట కాదనేవారు లేరు. అయితే వారసత్వ కట్టడానికి ఉన్న చట్టరక్షణను, పరిగణించవలసిన అంశాలను పట్టించుకోకుండా నిర్ణయం తీసుకున్నారన్నది కోర్టు అభిప్రాయం. మన భాషలో చెప్పాలంటే ఫైలులో రూలు పొజిషన్ పేరా లేకుండానే ఉత్తర్వు వెలువడింది! ఎంత మెజారిటీ ఉన్న మంత్రివర్గమైనా ఆ పేరా దాటి పోకూడదు. పాతకాలపు ఛాదస్తం అనుకోండి, నాకు ఇందులో తప్పు కనిపించదు. పూర్వులు కట్టినదాన్ని కూల్చేముందు నాలుగుసార్లు ఆలోచించమనడం రాజ్యాంగానికీ వర్తిస్తుంది, భవనానికీ వర్తిస్తుంది.

ఇక మన ఉద్యోగులకు సంబంధించిన కేసు ఒకటి. ఇది పిల్లలకు తెలియదు, మనలోనూ కొందరు మరిచారు. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం అయ్యాక 1973లో 32వ సవరణ ద్వారా 371-డి అధికరణం వచ్చింది. లోకల్ కేడర్లు, జోన్లు అన్నీ దాని చలవే. దాని కిందే 1976లో ఉద్యోగుల కేసుల కోసం అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఏర్పడింది. (ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ అది లేదు.) అందులో అయిదో క్లాజు ఒకటి ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన తుది ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, లేదా మూడు నెలలు గడవాలి. అప్పుడే అది అమలులోకి వస్తుంది. ఆ లోపల ప్రభుత్వం కారణాలు రాసి దాన్ని మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు!

నేను పనిచేసిన ఒకానొక ఆఫీసులో, పేరెందుకు లెండి, మా సీనియర్ ఒకాయన సీనియారిటీ కేసు గెలిచారు. మిఠాయి పంచబోతే సూపరింటెండెంటు గారు నవ్వి, “ఇంకా మూడు నెలలుంది, డబ్బు దాచుకోవయ్యా” అన్నారు. ఎవరి మీద గెలిచామో వారి బల్ల మీదకే తీర్పు ఆమోదానికి పోయేది. కుస్తీలో ఓడినవాడే గెలుపెవరిదో తేల్చినట్లు!

ఈ క్లాజు మీద పి. సాంబమూర్తి కేసు సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి గారి ధర్మాసనం ఆ క్లాజును కొట్టివేసింది. కక్షిదారైన ప్రభుత్వమే తీర్పును తోసిపుచ్చగలిగితే చట్టబద్ధ పాలన మిగలదని, రాజ్యాంగ మౌలిక స్వరూపానికి అది విరుద్ధమని తేల్చింది. గమనించండి, అది మామూలు జి.ఓ. కాదు, పార్లమెంటు చేసిన రాజ్యాంగ సవరణ. దానికీ హద్దు ఉంది.

1984 ఆగస్టు సంక్షోభం మీకందరికీ తెలిసిందే, వివరంగా చెప్పనక్కరలేదు. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వాన్ని తొలగించారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. బలం తేల్చవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మన రాష్ట్రానికి ఆ మాట పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

చివరిగా పింఛను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో పింఛను దయాభిక్ష కాదు, హక్కు అన్నారు. అందుకే ఆ రోజును పింఛనుదార్ల దినంగా జరుపుకుంటున్నాం. అయినా 2020 మార్చి నెల పింఛను మనలో చాలామందికి సగమే చేతికందింది. కరోనా కష్టం నిజమే, ఖజానా ఖాళీ కావడం నిజమే. కష్టమని చెప్పి అడిగితే మనమే ఇచ్చేవాళ్ళమేమో. కాని ఏ చట్టం కింద ఆపారు అన్న ప్రశ్న హైకోర్టులో వచ్చాక, జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు. ముందు కోత, తర్వాత చట్టం! మా ఆఫీసులో ఒక గుమాస్తా అలా చేసి ఉంటే చార్జిమెమో వచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే విషయం సుప్రీం కోర్టు దాకా పోయింది. ఆపిన జీతాలు, పింఛన్లు ఆరు శాతం వడ్డీతో చెల్లించమని 2021 ఫిబ్రవరి 8న ఉత్తర్వులు వచ్చాయి. అక్కడ దావా వేసింది ఒక విశ్రాంత జిల్లా జడ్జి గారు, ఒక మహిళ.

మన సంఘంలో ఆ రోజు కోర్టుకెందుకు, ఎవరినైనా కలిసి బతిమాలుదాం అన్నవారు ఉన్నారు. వారి మంచితనాన్ని నేను శంకించను. బతిమాలడం ఫర్మానా నాటి అలవాటు, అంత తొందరగా పోదు. ఈసారి అలాంటిది వస్తే ముందు ఆ జి.ఓ. నకలు తెప్పించి, అది ఏ చట్టంలో ఏ సెక్షను కింద ఇచ్చారో మొదటి పేరాలో చూడమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, భోజనాల వేళ కూడా అయింది.  సెలవు.