మెట్ట పప్పుపైరులలో కలుపు తీయు కాలము

(పల్నాటి సేద్యగాండ్ర నుద్దేశించిన ఉపన్యాసము)



కంది మొండిపైరు, తానై పెరుగును, దానికి కలుపు తీయించుట వృథావ్యయము అను తలంపు పల్నాటి మెట్టసేద్యమున పాతుకొనియున్నది. ఇందు సగము సత్యము కలదు. రెండు నెలలు దాటిన కంది కొమ్మలువేసి గుబురై సాలును మూసివేయును. ఆ నీడను మొలచిన కలుపు వెలుతురు చాలక తనంత కృశించును. కాని ఆ రెండు నెలలు గడచుటయే కష్టము. మొలచినది మొదలు 45 లేక 60 దినముల వరకు కంది మిక్కిలి మందగతిని పెరుగును. మొక్క తన బలమును వేరు లోతునకు దించుకొనుటకే తొలుత వినియోగించును. సరిగా ఆ దినములలోనే తొలకరి వానలకు గలిజేరు, గునుగు, చిలకతోటకూర, ఊద, వెన్నదేవి మొదలగునవి నేలనంతయు కప్పును. కంది జానెడు ఎదుగునప్పటికి గునుగు మోకాలి యెత్తు నందుకొనును. అప్పుడు పోయిన బలము పిమ్మట ఎంత సేద్యము చేసినను తిరిగిరాదు. మొక్క బ్రతుకును గాని కొమ్మలు తగ్గును. కొమ్మలు తగ్గినచో కాయలు తగ్గును. రైతు దానిని వానలోపమని తలచుకొని ఊరకుండును.

మినుము, పెసరల సంగతి ఇంతకంటె కఠినము. మినుము 75 దినములకు అటునిటుగా చేతికి వచ్చు పైరు. అందు మొదటి 30 దినములు కలుపు వశమైనచో పైరు ఆయుర్దాయములో ఐదింట రెండు వంతులు పోయినట్లే. కందికి తరువాత కోలుకొనుటకు నెలలు కలవు; మినుమునకు లేవు. కావున పప్పుపైరులలో కలుపు ఎన్నిమారులు తీయవలెనను ప్రశ్నకంటె ఏ దినమున తీయవలెనను ప్రశ్నయే పెద్దది. విత్తిన 20వ దినమున ఒక గుంటక తోలుట, 50వ దినమున పదిమంది కూలీలను పెట్టుటకంటె మేలు చేయును, ఖర్చును తక్కువ.

ఇది తెలియని రైతు అరుదు. తెలిసియు ఆలసించుటకు కారణములు వేరు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కుడికాలువకు నీరు వదలినది మొదలు పల్నాటి సేద్యము మారిపోయినది. ప్రత్తి, మిరప, వరి విస్తరించినవి. ఒకే కుటుంబమున కాలువక్రింద మిరప, మెట్టను ప్రత్తి, మిట్టమీద కంది ఉండుట కలదు. శ్రావణ భాద్రపదములలో ఈ పైరులన్నియు ఒక్కమారే కలుపుకూలీలను కోరును. కూలికి పోవు స్త్రీలు ఊరిలో ఉన్నవారే. వారి సంఖ్య పెరుగదు. మిరపకు పెట్టుబడి ఎక్కువ గనుక కూలీలు ముందుగా అచ్చటికి పోవుదురు, తరువాత ప్రత్తికి, చిట్టచివరకు కందికి. ఆ చివరి వంతు వచ్చునప్పటికి కంది విత్తి రెండు నెలలు నిండియుండును. అప్పుడు చేయించిన కలుపుతీత కంటికి ఇంపుగా నుండునే గాని పంటకు అక్కరకు రాదు. మనుష్యుల చేతికి వంతు వచ్చులోపల ఎద్దులతో, పనిముట్లతో జరుగవలసిన పనిని జరిపించుకొనుటయే ఇందుకు ఉపాయము.

రెండవ కారణము నల్లరేగడి స్వభావము. వాన కురిసినచో ఆ నేల అంటుకొని కాలు దిగబడును, గుంటక సాగదు. ఎండినచో గట్టిపడి నెరియలు విచ్చును. గుంటక పైపైన జారును. ఈ రెంటికిని నడుమ నేల పదునుగా నుండు దినములు మూడో నాలుగో మాత్రమే. ఆ దినములలో గుంటక చేనిలో లేకున్న మరల వాన పడును, కలుపు మరి నాలుగాకులు వేయును. కావున పదును వచ్చిన దినమున ఎద్దులు గాని చిన్న ట్రాక్టరు గాని ఎచ్చట ఉండవలెనో ముందే నిశ్చయించుకొనుట అవసరము. ఎద్దుల జత లేని చిన్నరైతులు నలుగురు కలసి బాడుగకు ముందే మాటాడుకొనుట యుక్తము. పదును వచ్చిన పిమ్మట వెదకుచు పోయినచో ఊరివారందరును ఆ దినముననే వెదకుచుందురు.

గుంటక తిరుగవలెనన్న సాళ్లు తిన్నగా ఉండవలెను. గొర్రుతో వరుసలుగా విత్తిన చేనునకే ఈ సౌకర్యము. కృష్ణా డెల్టాలో తెనాలి, రేపల్లె ప్రాంతముల రైతులు వరికోతకు రెండుమూడు దినములు ముందుగా నిలిచియున్న వరిలోనే మినుము చల్లుదురు. అచ్చట గుంటకకు చోటులేదు, అందుచేత వారికి మందులే గతి. పల్నాటి మెట్టరైతునకు అట్టి నిర్బంధము లేదు. చేతిలో నున్న ఈ సౌకర్యమును వెదజల్లి విత్తుటచేత పోగొట్టుకొనరాదు. తొలకరి కందికి నల్లరేగడిలో సాలునకు సాలు 150 మొదలు 180 సెంటీమీటర్ల ఎడముంచుట వాడుక. గుంటూరుచెంత లాం పరిశోధన స్థానమున రూపొందిన ఎల్.ఆర్.జి. 30 అను దీర్ఘకాలిక కంది రకమునకు ‘పల్నాడు’ అనియే పేరు. అట్టి రకములు విస్తరించుటకు ఈ ఎడము కావలెను. మినుమునకు 30 సెంటీమీటర్ల సాలు చాలును.

గుంటక తోలునప్పుడు ఎద్దుల మూతులకు చిక్కములు కట్టుట పాతపద్ధతి. లేత కంది రుచి ఎరిగిన ఎద్దు సాలు తప్పును. గుంటక అలుగు పదునుగా నుండవలెను. పల్నాటి చేలలో రాళ్లు మెండు. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులలో ఈ సీమ రాళ్లును జొన్నకూడును ఎగతాళికి గురియైనవి. జొన్నకూటి మాట ఎట్లున్నను రాళ్ల మాట నిజమే. రాతికి తగిలి మొండివోయిన అలుగు కలుపును కోయక పెల్లగించి ప్రక్కకు త్రోయును. చిరుజల్లు పడినంతనే అది మరల నాటుకొనును. అందుచేత అలుగును తరచుగా చూచుకొని సాన పట్టించుకొనవలెను. గుంటక తోలుటకు ఎండ కాయు దినమును, అందును ప్రొద్దుటిపూటను ఎన్నుకొన్నచో తెగిన కలుపు సాయంకాలమునకు వాడిపోవును. విత్తిన 20, 25 దినములకు ఒకమారు, 40, 45 దినములకు మరియొకమారు తోలుట చాలును. సాలు నడుమ కలుపును గుంటక తీయును గాని మొక్కల మొదళ్లయందలి కలుపును తీయలేదు. దానికి మాత్రమే కూలీలు కావలసియుండును, ఆ పని కొలదిగా నుండును.

తొలి రెండు నెలలు ఖాళీగా పడియుండు ఆ వెడల్పు సాలులో పెసరనో మినుమునో జొన్ననో వేయుట పూర్వులెరిగిన యుక్తియే. కలుపు మొలవవలసిన చోట పంట మొలచును. మెక్సికో దేశపు రైతులు మొక్కజొన్న, చిక్కుడుజాతి గింజలు, గుమ్మడి కలిపి వేయుదురు. గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపును అణచును. సముద్రముల కావలివారును ఈ సీమవారును ఒకరినొకరు ఎరుగకయే ఒక్క త్రోవను పట్టినారు. అయితే అంతరపంటగా వేసిన మినుమును కోసిన వెంటనే సాలునందు ఒక గుంటక తోలవలెను. లేనిచో ఆ ఖాళీని కలుపు ఆక్రమించును.

కలుపులన్నియు ఒక్క తీరువి కావు. గలిజేరు, పాయలకూర, చిలకతోటకూర కూలిస్త్రీల ఒడిలో కూరగా ఇల్లు చేరును. గరిక గేదెకు మేతయగును. ఈ లాభమును తేలికగా చూడరాదు గాని, కూరకైనను మేతకైనను లేతకలుపే మేలు. గింజ రాలిన పిమ్మటిది రెంటికిని కొరగాదు. తుంగ, గరికల సంగతి వేరు. తుంగకు నేలలో గడ్డలు ఉండును. గుంటక పైయాకును కోయును, వారము తిరుగకముందే గడ్డ మరల మొలచును. దీనిని పైరున్నప్పుడు జయించుట దుర్లభము. చైత్ర వైశాఖముల ఎండలలో లోతుగా దున్ని గడ్డలను పైకి తిరుగవేసినచో అవి ఎండి చచ్చును. వేసవిదుక్కి ఖర్చు అధికమని తోచినవారు చేనంతటికిని కాక తుంగ దట్టముగా నున్న చెక్కకు మాత్రమైనను దున్నించుట మంచిది.

వయ్యారిభామ పల్నాటి పాతకలుపు కాదు. 1950వ దశకమున పూనా ప్రాంతమున మొదట కనబడి దేశమంతటను వ్యాపించినది. గట్లమీద, బాటల ప్రక్కను పూచి గింజ రాల్చి చేలలో దిగును. పూతకు ముందే పెరికివేయవలెను. ఒంటికి తగిలినచో దురద, దద్దురు కలుగును గనుక చేతులకు తొడుగులుండవలెను. గట్లమీది కలుపుమొక్కలు తెల్లదోమకును ఆశ్రయములు. ఆ దోమయే మినుమునకు పల్లాకు తెగులు మోసికొనివచ్చును. పైరు పచ్చబారిన పిమ్మట చేయదగిన చికిత్స లేదు. కావున గట్టు శుభ్రము చేనులోని పనియే యని ఎంచవలెను.

శనగ చలికాలపు పైరు. వానలు వెనుకబట్టిన పిమ్మట నేలలో నిలిచిన తేమపై పెరుగును. విత్తుటకు ముందు మొలచిన కలుపును ఒక గుంటకతో చంపి విత్తినచో తరువాత కలుపు అంతగా రాదు. అయినను 30 దినములలోపల ఒకమారు సాలునందు గుంటక తోలుట లాభకరము. అది కలుపును తీయుటయే గాక నెరియలను పూడ్చి, పైమట్టిని పొడిచేసి, క్రింది తేమ ఆవిరికాకుండ కాపాడును. వానలేని కాలమున ఆ తేమయే శనగకు నీరు.

ఇక మందుల మాట. కూలీలు దొరకనప్పుడు ఇవి ఉపయోగపడుననుటలో సందేహము లేదు. కంది, మినుము, శనగలు విత్తిన వెంటనే, లేక మరునాడు, పెండిమిథాలిన్ 30 శాతపు మందును ఎకరమునకు 1.3 మొదలు 1.6 లీటర్ల వరకు 200 లీటర్ల నీటిలో కలిపి నేలపై పిచికారి చేయుదురు. ఇది మొలచుచున్న గింజను చంపును. మొలచిన మొక్కను చంపదు, తుంగను ముట్టదు. నేలలో తేమ లేకున్న పనిచేయదు. చల్లిన పిమ్మట మట్టిని కదలించినచో మందుపొర చెదరును. మినుములో గడ్డిజాతి కలుపు అధికమైనచో క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతపు మందు 400 మిల్లీలీటర్లు, వెడల్పాకు కలుపు అధికమైనచో 20 దినములప్పుడు ఇమాజితాపిర్ 10 శాతపు మందు 200 మిల్లీలీటర్లు ఎకరమునకు వాడుట కలదు. కలుపు రెండు మూడు ఆకుల దశ దాటిన పిమ్మట ఇవియు అక్కరకు రావు. మందు వాడువారికిని తిథి తప్పదు.

ఇందు మెలకువలు కొన్ని కలవు. కందిలో జొన్న కలిపి వేసినవారు గడ్డిని చంపు మందు వాడినచో జొన్నయు చచ్చును. ఇమాజితాపిర్ శనగపై పడినచో ఆకు పసుపుబారి పెరుగుదల కుంటుపడును; అంతేగాక దాని శేషము నేలలో నిలిచి తరువాతి జొన్నకును ప్రత్తికిని కీడు చేయవచ్చును. వరిలో 2,4-డి చల్లిన పంపును కడుగక మినుములోనికి తెచ్చుట మిక్కిలి హాని. డబ్బాపై అచ్చువేసిన పైరు పేరును, మోతాదును చదివించుకొని, సందేహమున్నచో గ్రామ వ్యవసాయ సహాయకుని అడిగిన పిమ్మటనే మూత తీయవలెను. పొరుగువాడు వాడినాడని తానును వాడుట యుక్తము కాదు. పొరుగువాని చేనిలోని కలుపు వేరు, పదును వేరు.

కడపట బంగారుతీగను గూర్చి విశేషముగా చెప్పవలసియున్నది. ఇది తక్కిన కలుపువలె పైరుతో పోటీపడి ఊరకుండదు, పైరునే తినును. గింజనుండి దారమువంటి పసుపుతీగ పైకి వచ్చి, దగ్గరనున్న మినుపమొక్కను చుట్టుకొని, కాండములోనికి చూషకములను దించి రసమును పీల్చును. అంతట నేలలోని దాని వేరు ఎండిపోవును. ఇక దానికి నేలతో పనిలేదు. గుంటకతో కోసినచో తెగిన ముక్కలు ప్రక్క మొక్కను చుట్టుకొని మరల బ్రతుకును. కావున మొదట ఒకటి రెండు చోట్ల పసుపు మచ్చవలె కనబడినప్పుడే, ఆ తీగ అల్లుకొన్న మినుపమొక్కలతో సహా పెరికి, చేనిబయటకు తెచ్చి కాల్చివేయవలెను. నాలుగు బారల పైరు పోవుచున్నదని జాలిపడి విడిచినవాడు మరుసటి యేట ఎకరము పోగొట్టుకొనును.

దీని గింజ నేలలో పది సంవత్సరములకు మించియు జీవముతో నిలువగలదు. జొన్న, సజ్జ, మొక్కజొన్నవంటి గడ్డిజాతి పైరులను ఇది పట్టలేదు గనుక, ఒకమారు తగిలిన చేనిలో కొన్నియేండ్లు ఆ పైరులే వేయుట తగును. ఇది తనంత నడచి రాదు; విత్తనముతోను, పశువుల పేడతోను వచ్చును. డెల్టా మినుము విత్తనమునకు తెచ్చుకొనువారు ఇంటికి రాగానే జల్లెడ పట్టవలెను. బంగారుతీగ గింజ మినుపగింజకంటె చాల చిన్నది గనుక జల్లెడ కన్నులగుండ క్రిందికి రాలిపోవును. ఆ రాలినదానిని కోళ్లకు చల్లుట, దిబ్బలో వేయుట కూడదు, పొయ్యిలోనే వేయవలెను. తీగ తగిలిన చేని కట్టెను, పొట్టును పశువులకు మేపినచో గింజ కడుపులో చావక పేడతో బయటపడి, ఎరువుతోకూడ మరల చేను చేరును. అట్టి చేని పంటను వేరుగా ఒక కళ్లమున నూర్చి, పొట్టును అచ్చటనే తగులబెట్టి, కళ్లము ఊడ్చిన మట్టిని గూడ ఆ మంటలోనే వేయవలెను.