రెండో పలకరింపు



ఈ వేళ పట్టాలందుకుంటున్న మీలో కంప్యూటర్ సైన్సువాళ్లు ఒక పక్క, సైకాలజీవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ఈ రెండు చదువులకూ ఒకదానితో ఒకదానికి పని పడిన ఒక చోటు న్యూయార్క్ రాష్ట్రంలోని కెనండైగ్వా. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రి ఆవరణలో 2007లో ఒక హెల్ప్‌లైన్ మొదలైంది. దాన్ని ఇప్పుడు వెటరన్స్ క్రైసిస్ లైన్ అంటున్నారు. ఇరాక్ యుద్ధం నుంచి ఇంటికొచ్చిన జాషువా ఆమ్విగ్ అనే అయోవా కుర్రవాడు 2005 డిసెంబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. అతని అమ్మానాన్నలు ఆ దుఃఖాన్ని ఇంట్లో దాచుకోకుండా చట్టసభ దాకా తీసుకెళ్లారు. హెల్ప్‌లైన్ మొదలైన ఏడాదే అతని పేరుతో ఆత్మహత్యల నివారణ చట్టం వచ్చింది.

మొదట ఫోను ఒక్కటే ఉండేది. 2009లో ఆన్‌లైన్ చాట్, 2011లో మెసేజ్‌లు వచ్చి చేరాయి. "బాగానే ఉన్నాను" అనడం బాగా అలవాటైపోయిన మనుషులు మాజీ సైనికులు. పక్క గదిలో భార్యాబిడ్డలు నిద్రపోతుంటే గొంతు విప్పలేనివాడు కూడా అర్ధరాత్రి నాలుగు ముక్కలు టైపు చేయగలడు. 2022లో అమెరికాలో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో సగానికి పైగా అంతకుముందు కొంతకాలంగా ప్రభుత్వ మాజీ సైనికుల ఆసుపత్రులకు రానేలేదు. చాట్ అవసరం అక్కడే ఉంది.

దారి వేసినంత మాత్రాన పనైపోలేదు. కాల్స్ పెరిగేసరికి కొన్నింటిని బయటి కేంద్రాలకు మళ్లించారు, అక్కడ కొందరికి వాయిస్ మెయిల్ జవాబిచ్చింది. ప్రాణం మీదికొచ్చి ఫోన్ చేసినవాడికి రికార్డు చేసిన గొంతు! ఈ సంగతిని 2016లో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ తనిఖీ విభాగమే బయటపెట్టింది. తర్వాత అట్లాంటాలో ఒకటి, టొపీకాలో ఒకటి కొత్త కేంద్రాలు తెరిచారు.

2017లో ఆ శాఖ కంప్యూటర్‌కు ఇంకో పని అప్పగించింది. రీచ్ వెట్ అనే ఆ పద్ధతి వైద్య రికార్డులను జల్లెడపట్టి, అందరికంటే ప్రమాదంలో ఉన్న 0.1 శాతం మందిని గుర్తిస్తుంది. అక్కడితో యంత్రం పని పూర్తవుతుంది. ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అని అడగాల్సింది వైద్య సిబ్బందే.

ఆ అడగడంలో ఎంత బలముందో జెరోమ్ మోట్టో అనే శాన్‌ఫ్రాన్సిస్కో మానసిక వైద్యుడు చాలాకాలం కిందటే పరీక్షించి చూశాడు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. యుద్ధకాలంలో ఒక యువతి రాసిన ఉత్తరాలు ఆయన మనసులో ఉండిపోయాయి. 1969లో మొదలుపెట్టిన అధ్యయనంలో, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లి ఆపై వైద్యం వద్దన్న 843 మందిని రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టుకు ఐదేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపాడు. వాటిలో సలహాల్లేవు, అపాయింట్‌మెంట్ గుర్తుచేయడం లేదు, ఉన్నదల్లా కుశల ప్రశ్న. మొదటి రెండేళ్లలో ఆ జట్టులో ఆత్మహత్య మరణాలు తక్కువగా నమోదయ్యాయి. అర్ధ శతాబ్దం గడిచాక, 2020లో క్రైసిస్ లైన్ కూడా తనను సంప్రదించినవాళ్లకు ఉత్తరాలు పంపడం మొదలుపెట్టింది. అవి మామూలు తపాలాలోనే వెళ్తాయి.

2018లో వెలువడిన ఒక అధ్యయనం కూడా ఇటే చూపిస్తోంది. అత్యవసర విభాగానికి వచ్చిన మాజీ సైనికుల చేత ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో తుపాకీని ఎలా తాళం వేసి దూరం పెట్టాలి వంటివి కాగితం మీద రాయించి, ఇంటికెళ్లాక కూడా ఫోన్ చేస్తూ వచ్చారు. మామూలు వైద్యం పొందినవాళ్లతో పోలిస్తే వీళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి ఆరు నెలల్లో 45 శాతం తక్కువ.

మన దేశంలో 2022 అక్టోబరులో టెలి మానస్ వచ్చింది. నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు అడగరు. సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ 2023 డిసెంబరులో పుణె సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం తెరిచారు. సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల బిడ్డలు మీలో ఉండొచ్చు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆ నంబరును నాన్న ఫోన్లో, బాబాయి ఫోన్లో సేవ్ చేసిపెట్టండి. ఇక చాట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఉద్యోగాల్లో చేరేవాళ్లు మొదటి మీటింగులోనే ఒకటి అడగాలి: మాట్లాడి వెళ్లిపోయిన మనిషికి మర్నాడు ఎవరు ఫోన్ చేస్తారు?