చెఱసాల కావలివారి సెలవు
(పఠనమందిరమునందు చేసిన యుపన్యాసము)

రాజమహేంద్రవరము, వెల్లూరు, తిరుచిరాపల్లి చెఱసాలలలో మన దేశభక్తులు పడిన పాట్లను గూర్చి మనవారు విస్తారముగా వ్రాసిరి. తాళపుచెవి పట్టి వెలుపల నిలిచిన వార్డరును గూర్చి, తిట్టుటకు తప్ప, నోరు విప్పినవారు తక్కువ. నేడు వాని సెలవును గూర్చి ముచ్చటింపదలచితిమి.

1894 కారాగార చట్టమును తెఱచి చూడుడు. శిక్షపడిన ఖైదీచేత, అత్యవసరమున సూపరింటెండెంటు వ్రాతమూలకముగ ననుమతించిన తప్ప, దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదని 35వ సెక్షను. మంచిదే. కాని యా ఖైదీని కాచువాడెన్ని గంటలు నిలువవలెనో ఆ చట్టమున నొక్క యక్షరము లేదు! అనుమతి లేక చెఱసాల విడువరాదని 22వ సెక్షను. బుద్ధిపూర్వకముగ సెలవు గడువు మీఱిన వార్డరునకు 200 రూపాయలవఱకు జుర్మానాగాని, 3 నెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని 54వ సెక్షను. తాను కాచిన యూచల వెనుకకు తానే పోవలసివచ్చునన్నమాట! పరప్రభుత్వము తన నౌకరులను నమ్మిన విధమిది. వారు పోయిరి, పెక్కు రాష్ట్రములలో చట్టము మాత్రము పోలేదు.

2025 వఱకు అమలులోనుండిన 1948 ఫ్యాక్టరీల చట్టమును చూడుడు. మినహాయింపువలన వారపు సెలవు కోల్పోయిన కార్మికునకు, ఆ నెలలోగాని తరువాతి రెండు నెలలలోగాని, అన్ని సెలవులను మరల నీయవలెనని దాని 53వ సెక్షను చెప్పెను. నూలుమిల్లు పనివానికున్న యీ హక్కు మనుష్యులను కాచువానికేల లేదు?

"ఇత్తుము గాని మనుష్యులు లేరు" అని యధికారులందురు. లెక్క చూతము. ఒక కావలిచోటునకు దినమునకు 8 గంటల వంతులు మూడు, వారమునకు 21. ముగ్గురు మనుష్యులు వారమున నాఱేసి దినములు చేసిన 18 వంతులే తీఱును. మిగిలిన మూడు వంతు లెవరివి? ఆ ముగ్గురివే! కావున రెండు కావళ్లకు ఏడుగురు కావలయును. జబ్బులకు, పండుగలకు, పెండ్లిండ్లకు మఱికొందఱు. ఈ లెక్క వేయక బదులు సెలవు మంజూరు చేసిన, అది రిజిష్టరులో నంకెగానే నిలుచును. అమెరికాలో సయితము 1985 సవరణ ప్రకారము రాష్ట్రపు చెఱసాలల కావలివారి బదులు సెలవును 480 గంటలవఱకే కూడబెట్టవచ్చును. ఆపై పనికి సొమ్మే చెల్లింపవలయును.

ఇది వార్డరుల గొడవ మాత్రమే కాదు. రెండు రాత్రులు నిద్రలేనివాని కోపము ఖైదీ వీపు మీదనే దిగును. ఖైదీని ఆసుపత్రికి తోడ్కొని పోవుటకు మనిషి దొరకకున్న జబ్బు ముదురును.

కారాగారములు రాష్ట్రముల జాబితాలోనివి. కేంద్ర హోంశాఖవారి 2023 నమూనా చట్టము నమూనాయే. కావున మన యుభయరాష్ట్రముల శాసనసభలను మేము కోరునది యిది: సెలవునాడు పిలిచినప్పుడే, బదులు దినము నా యుత్తరువులోనే వ్రాయవలెను, రెండు నెలలలో నీయకున్న సొమ్ము చెల్లింపవలెను, గడువు మీఱినందుకు ఖైదు విధించు నిబంధనను కొట్టివేయవలెను.