నవ్వునకు చోటిచ్చిన నటుడు



ఊఁకొట్టువాడు లేనిదే కథ సాగదని మన పెద్దలందురు. బుర్రకథ చూచినవారికి వంతగాని విలువ తెలియును. అతడు సమయమెరిగి ఒక చిన్న ప్రశ్న వేసిననే కథకుని మాట రక్తి కట్టును. ఇట్లు ఊఁకొట్టుటయే జీవితవిద్యగా నేర్చి కీర్తి గడించిన యొక అమెరికా హాస్యనటుని చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను. అతని పేరు జార్జి బర్న్స్.

అతడు 1896వ సంవత్సరము జనవరి 20వ తేదీన న్యూయార్కు నగరమున, ఒక పేద యూదు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు నేథన్ బర్న్‌బామ్. పండ్రెండుగురు సంతానములో తొమ్మిదవవాడు. బాల్యముననే తండ్రి గతించెను. బాలుడు మిఠాయి అంగడిలో పనిచేయుచు, తోడి పిల్లలతో గొంతు కలిపి పాడి కాసులు సంపాదించెను. బడి చదువు త్వరలోనే ముగిసెను. రంగస్థలమే అతనికి బడి యయ్యెను.

ఆ కాలమున అమెరికాలో వాడెవిల్ అను వినోదప్రదర్శనము మిక్కిలి ప్రచారములో నుండెను. ఒకే టిక్కెట్టుపై గాయకులు, నర్తకులు, గారడీవారు, కసరత్తు విద్యలవారు, హాస్యగాండ్రు, తుదకు నేర్పిన జంతువులును ఒకరి వెనుక నొకరుగా వేదిక యెక్కుచుండిరి. ఒక్కొక్కరికి దొరకునవి కొద్ది నిమిషములే. అంతలో సభను మెప్పింపలేనివానికి మరల పిలుపుండదు. బర్న్స్ ఏండ్ల తరబడి ఈ పరీక్షలో తప్పుచునే యుండెను. పాతపేరు విన్నచో అవకాశమీయరని క్రొత్తపేరు పెట్టుకొని వచ్చెడివాడు.

1920 దాటిన కొద్ది యేండ్లకు, శాన్ ఫ్రాన్సిస్కో నుండి వచ్చిన గ్రేసీ ఆలెన్ అను నటితో అతడు జంటకట్టెను. ఆమె ప్రశ్నించుట, అతడు చమత్కారముగా బదులిచ్చుట, ఇది మొదటి యేర్పాటు. హాస్యపు మాటలన్నియు తనకే యుంచుకొనెను. తీరా వేదిక యెక్కగా, అతని చమత్కారములకు సభ కదలలేదు. ఆమె అమాయకముగా అడిగిన ప్రశ్నలకే జనులు నవ్విరి. అతడు అలుగలేదు. పాఠమును తిరుగవ్రాసి, నవ్వించు మాటలన్నియు ఆమెకిచ్చి, తాను ప్రశ్నించువాడయ్యెను.

ఇది వినుటకు సులువు, చేయుట కష్టము. నేను పాఠశాలలో అనేక నాటకము లాడించినవాడను. రాజవేషమునకై తగవులాడిన బాలురను కోకొల్లలుగా చూచితిని. భటవేషము కోరి వచ్చినవాని నొక్కనినైన చూడలేదు.

గ్రేసీ హాస్యము వట్టి వెర్రితనము కాదు. మన సంస్కృత నాటకములలో విదూషకుడు తన తిండిపోతుతనముచే నవ్వించును. ఈమె తన తర్కముచే నవ్వించెడిది. లోకమునకు వింతయైన మాటను తాను సత్యమని నమ్మినట్లు గంభీరముగా పలికెడిది. ఆ వింతమాటకు దారితీయు ప్రశ్నను తగిన క్షణమున వేయుట బర్న్స్ నేర్పు. జనులు నవ్వునంతసేపు చుట్ట కాల్చుచు ఊరకుండి, నవ్వు తగ్గగనే తరువాతి మాట యెత్తెడివాడు.

1926 జనవరి 7వ తేదీన వారు వివాహమాడిరి. మాటలాడు చలనచిత్రములు, రేడియో వచ్చి వాడెవిల్‌ను అంతరింపజేసినను, ఆ బడిలో నేర్చిన విద్య వారిని కాపాడెను. 1932 నుండి రేడియోలోను, 1950 అక్టోబరు నుండి టెలివిజనులోను వారి ప్రదర్శనము ఇంటింటికి చేరెను. టెలివిజనులో బర్న్స్ కథ నడుమ ప్రేక్షకులవైపు తిరిగి, మన సూత్రధారునివలె, జరుగుచున్నదానిని వివరించెడివాడు. 1958లో గ్రేసీ విశ్రాంతి తీసికొనెను. ఆమె లేక అతడొక్కడే నడపిన ప్రదర్శనము ఏడాదియైన నిలువలేదు. 1964 ఆగస్టు 27వ తేదీన ఆమె గతించెను.

ఇంతటితో కథ ముగిసెనని తలపవలదు. ఇద్దరు వృద్ధ వాడెవిల్ నటులను గూర్చిన ‘ది సన్‌షైన్ బాయ్స్’ అను చిత్రములో అతని ప్రాణమిత్రుడు జాక్ బెన్నీ నటింపవలసి యుండెను. 1974 డిసెంబరులో బెన్నీ మరణింపగా, ఆ వేషము బర్న్స్‌కు వచ్చెను. అతడును ఆ యేటనే గుండెకు శస్త్రచికిత్స జరిగినవాడు. అయినను వేషము కట్టెను. 1976లో, ఎనుబదియవ యేట, ఆ వేషమునకు ఆస్కారు బహుమానమందెను. అది సహాయనటుని కిచ్చు బహుమానము! జీవితమంతయు ప్రక్కన నిలిచినవానికి అంతకంటె తగినది వేరొండు గలదా?

నావంటి వృద్ధులారా! సేద్యమును కుమారుడు మనకంటె చక్కగా నడపుచున్నపుడు, సభలో చిన్నవాడు మనకంటె మంచిమాట పలికినపుడు, మన మనస్సు కొంత నొచ్చుకొనును. ఆ నొప్పి సహజమే. కాని అట్టివేళ చోటిచ్చి ఊఁకొట్టినవాడు పనికిరానివాడు కాడు. కథను నడపినవాడే.

బర్న్స్ నూరేండ్లు నిండినవాడై 1996 మార్చి 9వ తేదీన కన్నుమూసెను. దంపతుల నొక్కచోటనే యుంచిరి. ఆ సమాధిఫలకముపై ముందున్నది గ్రేసీ పేరు. అతని పేరు తరువాత.