మెదడుకెక్కే మలేరియా
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చలిజ్వరమంటే మనకు భయం పోయింది. రెండు బిళ్ళలు వేసుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంటే పోతుందిలే అంటుంటాం. చాలాసార్లు మందుతో పోతుంది కూడా. పోని మలేరియా ఒకటుంది. దాని సంగతే ఈ పూట చెప్పదలచుకున్నాం.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారట. రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌ను తలచుకునేవారు తక్కువ. అందుకే ఇక్కడ ఆ పేరు చెప్పాం.

మలేరియా క్రిముల్లో మన దేశంలో ముఖ్యమైనవి రెండు రకాలు, వైవాక్స్, ఫాల్సిపారం. మెదడుకెక్కేది దాదాపుగా ఈ రెండోదే. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, పరీక్ష చీటీలో పి.ఎఫ్. అని ఉందా లేదా చూసుకోండి. వానలు పడ్డాక విశాఖ మన్యం వంటి అడవి ప్రాంతాలకు వెళ్ళివచ్చినవారు మరీ చూసుకోవాలి.

ఇంతకూ ఈ క్రిమి మెదడును తింటుందా? తినదు. అసలు మెదడు కణాల్లోకే పోదు. ఎర్రరక్తకణంలో కాపురం పెట్టి, ఆ కణాన్ని జిగురుముద్దలా మారుస్తుంది. మామూలు ఎర్రకణం వెంట్రుక కన్నా సన్నని నాళంలోనైనా వంగి, సాగి, దూరిపోతుంది. క్రిమి పెరిగిన కణం బిరుసెక్కి నాళం గోడకు అతుక్కుంటుంది. ఒకదాని వెనుక ఒకటి చేరి దారి మూసేస్తాయి. అవతల మెదడుకు ప్రాణవాయువు అందదు. గోడలు దెబ్బతిని నీరు ఊరుతుంది. కొందరు రోగుల రక్తంలో చక్కెర కూడా పడిపోతుంది. ఫిట్స్ వస్తే ఉన్న ఆ కాస్త బలం కూడా ఖర్చయిపోతుంది.

అతుక్కున్న కణాలు వేలి రక్తంలోకి రావు. అందువల్ల చుక్క రక్తంలో క్రిములు కొద్దిగానే కనిపించినా మెదడు నాళాలు నిండి ఉండవచ్చు. "కొంచెమే ఉందన్నారు" అని ధీమా పడడం ఇందుకే ప్రమాదం.

పుర్రె గట్టి డబ్బా వంటిది. లోపల మెదడు ఉబ్బితే పోవడానికి చోటు లేదు. ఆఫ్రికాలోని మలావీలో పిల్లల మెదడుకు ఎం.ఆర్.ఐ. తీసి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. చనిపోయిన పిల్లల్లో ఎక్కువమందికి మెదడు విపరీతంగా ఉబ్బి ఉంది. ఊపిరిని నడిపించే భాగం ఆ ఒత్తిడికి నలిగి శ్వాస ఆగిపోతుంది. మన పొరుగున రూర్కెలాలోనూ ఇలా చూశారు. బతికినవారిలో వాపు కొద్దిరోజుల్లోనే తగ్గింది. అంటే ఆ కొద్దిరోజులు మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యం.

వాపు కదా, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇవ్వరాదా అని అడుగుతారు. థాయ్‌లాండులో ఇచ్చి చూశారు. 1982లో తేలిందేమంటే, స్పృహ రావడం ఇంకా ఆలస్యమైంది. పనికొచ్చింది ఆర్టిసునేట్ ఇంజక్షను. 2005లో వెలువడిన పరిశోధనలో మన దేశపు రోగులూ ఉన్నారు. క్వినైన్ ఇచ్చినవారిలో నూటికి 22 మంది పోతే, ఇది ఇచ్చినవారిలో 15 మంది పోయారు. ఆ పదిహేను మాత్రం తక్కువా? మంచి మందున్నా ఆలస్యమైతే అంతే.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? మన ఇళ్ళలోనే. జ్వరంలో పిల్లవాడు పొంతనలేని మాటలు మాట్లాడితే, కళ్ళు తేలేస్తే, గాలి సోకిందంటారు. తాయెత్తు కోసం ఒక పూట, దిష్టి తీయడానికి ఒక పూట. దువా చేయవద్దని మేమనం, ఆసుపత్రికి పోయే బండిలో కూర్చుని చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, పాలు పోయకండి. పక్కకు ఒత్తిగిల్లబెట్టి తీసుకుపోండి. చక్కెర పరీక్ష చేయమని మీరే అడగండి, సిగ్గుపడవద్దు.

ఇంటికి వచ్చాక మరో కథ. ఉగాండాలో పిల్లలను రెండేళ్ళ తరువాత పరీక్షిస్తే, నలుగురిలో ఒకరికి తెలివికి, శ్రద్ధకు, జ్ఞాపకానికి సంబంధించిన లోపం మిగిలే ఉంది. చూడడానికి బాగానే ఉంటారు, ఆడుకుంటారు. పాఠం మాత్రం నిలవదు. మొద్దు అని పంతులు కొడతాడు, బద్ధకమని తండ్రి కొడతాడు. ఆ బిడ్డకు ఫలానా ఏడు మెదడుకు మలేరియా ఎక్కిందని బడిలో చెప్పండి, డాక్టరుకూ చెప్పండి. మళ్ళీ ఫిట్స్ వస్తే దాచకండి. ఆడపిల్లయితే సంబంధాలు రావని దాచడం మేమెరుగుదుం. మందు మానిపించి దాచిన ఫిట్స్ పెళ్ళి పందిట్లోనే వచ్చాయి.

సందేహాలుంటే ఇప్పుడు అడగవచ్చు. పరదా వైపు నుంచి చీటీలు పంపితే ముందు అవే చదువుతాం.