ముందు ఎవరు ఎక్కాలి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో చదువుకుని, వేరే ఊళ్లలో 32 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతాను.

ఫ్రాన్సులో అన్నొనే అనే ఊరు. అక్కడ కాగితం తయారుచేసే కుటుంబంలోని అన్నదమ్ములు జోసెఫ్, ఎతియెన్ మోంగోల్ఫియేలు. గుడ్డకు లోపల కాగితం వేసి పెద్ద సంచి తయారుచేశారు. కింద గడ్డి, ఉన్ని కాల్చి 1783 జూన్ 4న జనం ముందు ఎగరేశారు. పొగలో ఏదో తేలికైన వాయువు ఉందని వాళ్లు అనుకున్నారు. నిజానికి వేడెక్కిన గాలి వ్యాకోచించి, చుట్టూ ఉన్న చల్లగాలి కంటే తేలికవుతుంది. కారణం తప్పుగా అనుకున్నా బెలూన్ మాత్రం లేచింది!

సెప్టెంబరు 19న వెర్సాయ్‌లో రాజు ఎదుట ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఎక్కాయి. మూడూ ప్రాణాలతో దిగాయి. ఇక మనిషి వంతు. మరణశిక్ష పడ్డ ఖైదీలను పంపుదామన్నాడు పదహారో లూయీ. పిలాత్ర్ ద రోజియే ఒప్పుకోలేదు. భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించే 29 ఏళ్ల యువకుడాయన. తానే వెళ్తానన్నాడు. నవంబరు 21న మార్కీ దార్లాండ్‌తో కలిసి పారిస్ మీదుగా సుమారు 25 నిమిషాలు ఎగిరాడు. నిప్పుకు గుడ్డ అక్కడక్కడ కాలి చిల్లులు పడుతుంటే, దార్లాండ్ తడి స్పాంజితో ఆర్పుతూ వచ్చాడు.

ఈ కథ చెప్పే నేనే ఒక ఏడాది కాగితం సంచి ఎగరేసి చూపించబోయాను. "నువ్వు వెలిగించరా" అని ఓ కుర్రాణ్ణి పిలిచి, బల్లకు ఇవతల నిలబడి పాఠం చెబుతున్నాను. సంచి అంటుకుంది. వాడి చెయ్యి కాలింది. పక్కన చెంబుడు నీళ్లు కూడా పెట్టుకోలేదు నేను. వాళ్ల నాన్న వచ్చి నన్ను ఒక్క మాటా అనకుండా పిల్లవాణ్ణి తీసుకెళ్లాడు. ఆ రోజు నేను రోజియే పక్కన కాదు, రాజు పక్కన నిలబడ్డానని ఆ రాత్రి తెలిసింది.

రోజియే కథ అక్కడితో అయిపోలేదు. ఇంగ్లిష్ చానల్ దాటాలని పైన హైడ్రోజన్ బెలూన్, దాని కింద నిప్పుతో నడిచే వేడిగాలి బెలూన్ జతచేశాడు. 1785 జూన్ 15న అది కూలి ఆయన, తోడు వెళ్లిన పియేర్ రొమేన్ ఇద్దరూ చనిపోయారు. హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే ఏమవుతుందో రసాయనశాస్త్రం చెప్పిన మనిషికి తెలియనిది కాదు. ధైర్యం ఒక్కటే చాలదు. తడి స్పాంజి కూడా ఉండాలి.

ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ముందు నేనే వెలిగించాను, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకునే.

మన బడి ప్రయోగశాలకు విరాళాలు ఇస్తున్న మిత్రులారా, పరికరాలు కొనండి, చాలా సంతోషం. వాటితోపాటు ఒక ఇసుక బకెట్టు, ఒక ప్రథమ చికిత్స పెట్టె కూడా కొనండి. ఆ రెండింటి ఖర్చు నాది.

సెలవు.