ఎందుకు చెప్పలేదని అడిగేముందు

గురజాడ స్మారకోపన్యాసమంటే ఆయన నాటకంలోని గిరీశంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఒక జాబితాతో మొదలుపెడతాను.

విజయనగరం మహారాజు ఆనందగజపతి, నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల పాటు బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన శుల్క వివాహాల లెక్క తీయించారు. 1897 నాటి ‘కన్యాశుల్కం’ నాటకం ముందుమాటలో గురజాడ అప్పారావుగారు ఆ అంకెలిచ్చారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలకు 350 నుంచి 400 రూపాయలు పలికిందట. డబ్బు పుచ్చుకున్నామని ఎవరు ఒప్పుకుంటారు? అందుకే అది నిండు జాబితా కాదనీ ఆయనే రాశారు.

నేను ఆగిపోయేది అక్కడే. పిల్లను అమ్మినవాడే ఇంటి యజమాని. సాక్ష్యం చెప్పాల్సిందీ అతనే.

నూటపదేళ్ల తర్వాత, 2007లో వెలువడిన అధ్యయనం కోసం కేంద్ర ప్రభుత్వం ఈసారి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్నే అడిగించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 53.22 శాతం. ఎక్కువమంది ఆ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పనేలేదు.

ఎలా చెబుతారు? జరిగినదానికి పిల్లకు మాట తెలియదు. చేసినవాడు బాబాయో, మాస్టారో, పక్కింటి తాతో అయుంటాడు. కడుపునొప్పంటుంది, ట్యూషనుకి వెళ్లనంటుంది. అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయిన ఇంట్లో ఆ మాత్రం వినేవాళ్లూ ఉండరు. ధైర్యం చేసి చెబితే మనమనేది ఒకటే: “ఊరుకోయే గుంటా, నలుగురూ వింటే ఏటనుకుంటారు?” మొదటి గాయం వాడు చేశాడు, రెండోది మనం చేశాం.

లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 పోక్సో చట్టంలో శిక్షలెంతో అందరికీ తెలుసు. వినడం గురించి అందులో ఉన్న సంగతులే ఎవరూ చదవరు. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఎదుట పడకూడదు. చెవిటి, మూగ పిల్లలకు సైగల భాష తెలిసినవారి సాయం తీసుకోవచ్చు. తెలిసీ దాచిపెట్టడం కూడా నేరమే. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు రాజీ కుదర్చడానికి ఇది గట్టు తగువు కాదు.

మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూసే ఉంటారు. నలక పోవాలి, పోగు తెగకూడదు. ఆ పని చేసే ముసలమ్మల చేతికున్న ఓర్పు, పిల్లల్ని ప్రశ్నించే చాలామంది నోటికి లేదు. పదేపదే అడిగి, ఆ కథను పిల్ల చేత పదిమంది ముందు చెప్పించి, చివరికి “అప్పుడే ఎందుకు చెప్పలేదే?” అంటారు.

రేపు ఏ పిల్లయినా మీ కొంగు పట్టుకుని తడబడుతూ ఏదైనా మొదలుపెడితే అడ్డుపడకండి. చివరిదాకా వినండి. నీ తప్పేం లేదమ్మా అనండి. తర్వాత 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరుకి డబ్బులు పడవు, అర్ధరాత్రయినా చేయొచ్చు.